అధిక ఉష్ణోగ్రతల లోహాలు: నికెల్ మిశ్రలోహాలు, స్టెయిన్‌లెస్ స్టీళ్లు

ఎర్రగా కాలుతూనే ఏళ్ల తరబడి బరువు మోయాల్సిన యంత్రభాగాలకు పరిశ్రమలు ప్రధానంగా రెండు లోహ కుటుంబాలను నమ్ముకుంటాయి. మొదటిది ఇనుము ఆధారంగా తయారయ్యే స్టెయిన్‌లెస్ స్టీళ్లు. రెండోది నికెల్ ఆధారంగా తయారయ్యే మిశ్రలోహాలు. ఎరువుల కర్మాగారంలో రిఫార్మర్ ఫర్నేసు, థర్మల్ కేంద్రంలో సూపర్‌హీటర్, విమానంలో జెట్ ఇంజిన్, ఇంట్లో గీజర్ రాడ్డు, అన్నిచోట్లా ఈ రెండింటిలో ఏదో ఒకటి, చాలాసార్లు రెండూ కనిపిస్తాయి.

నికెల్ మిశ్రలోహాల ధర సాధారణ స్టెయిన్‌లెస్ స్టీలు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందువల్ల ఏది ఎక్కడ వాడాలన్నది ఇంజినీర్లకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న. దానికి థర్మామీటర్ ఒక్కటే జవాబు చెప్పలేదు. ఆ వేడిలో చుట్టూ ఏ వాయువు ఉంది, లోహం మీద ఎంత ఒత్తిడి ఉంది, ఎన్నేళ్లు పనిచేయాలి, ఎన్నిసార్లు చల్లారి మళ్లీ వేడెక్కుతుంది అన్న నాలుగు విషయాలు కలిసి ఎంపికను నిర్ణయిస్తాయి. ఈ వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

కనీసం 10.5 శాతం క్రోమియం ఉండి, కార్బన్ 1.2 శాతం మించని ఉక్కు స్టెయిన్‌లెస్ స్టీలు. మిగతా ఏ మూలకం కన్నా నికెల్ ఎక్కువ పాళ్లలో ఉన్నది నికెల్ మిశ్రలోహం. తీవ్రమైన వేడిలోనూ అసాధారణ బలం నిలుపుకొనే మిశ్రలోహాలకు సూపర్ అల్లాయ్‌లు అని పేరు. వీటిలో ఎక్కువ భాగం నికెల్ ఆధారితాలే అయినా, కోబాల్ట్, ఇనుము ఆధారంగా తయారయ్యేవీ ఉన్నాయి.

రెండు కుటుంబాల మధ్య గట్టి గోడ లేదు. 304 రకం స్టీలులో నికెల్ సుమారు 8 శాతం, 310 రకంలో సుమారు 20 శాతం, 800 మిశ్రలోహంలో 30 నుంచి 35 శాతం, 600 మిశ్రలోహంలో 72 శాతానికి పైగా ఉంటుంది. 800 మిశ్రలోహంలో ఇనుము 39.5 శాతానికి తగ్గదు. లెక్క ప్రకారం అది ఇనుము పక్షాన ఉండాలి. అయినా పారిశ్రామిక ప్రమాణాలు దాన్ని నికెల్ మిశ్రలోహాల జాబితాలోనే చేర్చాయి.

సాధారణ కార్బన్ స్టీలును సుమారు 425 డిగ్రీలు దాటిన చోట దీర్ఘకాలం వాడరు. అక్కడి నుంచి కొంతదూరం క్రోమియం, మాలిబ్డినం తక్కువ పాళ్లలో కలిపిన బాయిలర్ స్టీళ్లు నడుస్తాయి. వాటికీ చేతకాని చోటే ఈ వ్యాసం పరిధి.

చరిత్ర

క్రోమియం కలిసిన ఇనుము కొన్ని ఆమ్లాలకు లొంగదని ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ బెర్తియే 1821లోనే గుర్తించాడు. కార్బన్‌ను తగినంత తగ్గించే పద్ధతి అప్పట్లో లేకపోవడంతో పెళుసుగా ఉండని లోహం చేయడం సాధ్యం కాలేదు. 1912లో జర్మనీలోని ఎస్సెన్ నగరంలో క్రుప్ సంస్థకు చెందిన బెన్నో స్ట్రాస్, ఎడ్వర్డ్ మౌరర్ క్రోమియం, నికెల్ రెండూ కలిసిన స్టీలును రూపొందించారు. ఫర్నేసు వేడిని కొలిచే పైరోమీటర్ల తొడుగులకు తగిన లోహం కోసం జరిగిన వెతుకులాటలో ఈ పరిశోధన మొదలైంది. 1913 ఆగస్టులో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ 12.8 శాతం క్రోమియంతో ఒక స్టీలు పోత పోయించాడు. తుపాకీ గొట్టాలు లోపలి వైపు వేడికి అరిగిపోవడాన్ని ఆపాలన్నది ఆయన ప్రయత్నం. వంటింటికి చేరి ‘తుప్పు పట్టని ఉక్కు’గా పేరుపడ్డ ఈ లోహం వెనక ఇలా వేడి సమస్యలే ఉన్నాయి.

నికెల్‌ను 1751లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రోన్‌స్టెట్ వేరుచేశాడు. వేడి పనులకు దాన్ని తెచ్చిన ఘనత అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్‌ది. 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం కలిపిన ఆయన మిశ్రమానికి 1906లో పేటెంట్ వచ్చింది. నిక్రోమ్ అన్న పేరుతో అది విద్యుత్ హీటర్లకు, టోస్టర్లకు, ఇస్త్రీ పెట్టెలకు దారి తెరిచింది. 1930ల ఆరంభంలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ ఇన్‌కొనెల్ 600ను తెచ్చింది.

రెండు కుటుంబాల మధ్య తేడాను ప్రపంచానికి కళ్లకు కట్టినది జెట్ ఇంజిన్. 1941 మే 15న బ్రిటన్‌లో తొలిసారి ఎగిరిన ఫ్రాంక్ విటిల్ ఇంజిన్‌లో టర్బైన్ బ్లేడ్లు రెక్స్ 78 అనే స్టెయిన్‌లెస్ స్టీలువి. ఆ తర్వాత నికెల్ ఆధారిత నిమోనిక్ 80 వాటి స్థానంలోకి వచ్చింది. అదే కాలంలో జర్మనీ నికెల్ కొరతతో అల్లాడింది. అక్కడి యూమో 004 ఇంజిన్‌లో నికెల్ లేని క్రోమియం, మాంగనీసు స్టీలుతో గుల్ల బ్లేడ్లు చేసి, వాటి లోపలి నుంచి చల్లగాలి పంపారు. ఆ ఇంజిన్ ఆయుష్షు 10 నుంచి 25 గంటలు మాత్రమే ఉండేది.

యుద్ధానంతరం నికెల్ కొరత కొనసాగడంతో, తక్కువ నికెల్‌తో పని జరిగేలా 800 మిశ్రలోహాన్ని రూపొందించారు. అమెరికాలోని హంటింగ్‌టన్‌లో హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ రూపొందించిన 718 మిశ్రలోహానికి 1962లో పేటెంట్ దక్కింది. సూపర్ అల్లాయ్‌లన్నింటిలో విస్తృతంగా వాడుకలో ఉన్నది ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలు తయారీలో పెద్ద మలుపు 1968లో వచ్చింది. కరిగిన లోహంలోకి ఆర్గాన్, ఆక్సిజన్ కలిపి ఊది, క్రోమియం కాలిపోకుండా కార్బన్‌ను తీసేసే పద్ధతి ఆ ఏడాది వాణిజ్య స్థాయికి చేరి, తయారీ ఖర్చును బాగా తగ్గించింది.

స్టెయిన్‌లెస్ స్టీళ్లలో రకాలు

ఫెర్రిటిక్: క్రోమియం ప్రధానంగా ఉండి, నికెల్ దాదాపు లేనివి. 409, 430, 446 ఈ కోవవి. వేడికి తక్కువగా వ్యాకోచిస్తాయి, చవక. కార్ల సైలెన్సర్లలో 409 రకం సాధారణం. కానీ 600 డిగ్రీలు దాటితే వీటి బలం వేగంగా పడిపోతుంది. 475 డిగ్రీల పరిసరాల్లో ఎక్కువకాలం ఉంచితే పెళుసెక్కుతాయి.

మార్టెన్‌సైటిక్: పదును పెట్టి గట్టిపరచగలిగేవి. ఆవిరి టర్బైన్ బ్లేడ్లలో 12 శాతం క్రోమియం రకాలు వాడతారు. వీటి పరిధి సుమారు 600 డిగ్రీల లోపే.

ఆస్టెనైటిక్: క్రోమియంతో పాటు నికెల్ ఉన్నవి. అధిక ఉష్ణోగ్రతల పనిలో సింహభాగం వీటిదే. 304, 316 ప్రాథమిక రకాలు. టైటానియం చేరిస్తే 321, నియోబియం చేరిస్తే 347. పేరు చివర ‘హెచ్’ ఉంటే కార్బన్‌ను కనీసం 0.04 శాతం ఉంచారని అర్థం. వేడిలో బలానికి ఆ కార్బన్ అవసరం. 309, 310 రకాల్లో క్రోమియం, నికెల్ పాళ్లు పెంచారు. 253 ఎంఏ అనే రకంలో నికెల్ 11 శాతమే అయినా సిలికాన్, నైట్రోజన్, కొద్దిపాటి సీరియం కలపడం వల్ల 310కి పోటీ వస్తుంది.

డ్యూప్లెక్స్: తుప్పును తట్టుకోవడంలో మేటి అయినా, 300 డిగ్రీల పైన పెళుసెక్కే గుణం వల్ల ఈ పనికి రావు.

నికెల్ మిశ్రలోహాలలో రకాలు

ఘన ద్రావణ మిశ్రలోహాలు: కలిపిన మూలకాలు నికెల్‌లో కరిగి ఉండి బలాన్నిస్తాయి. 600, 601, 625, 617, 230, హాస్టెలాయ్ ఎక్స్ ఈ వర్గం. వీటిని వెల్డింగ్ చేయడం తేలిక. 601లో సుమారు 1.4 శాతం అల్యూమినియం, 617లో సుమారు 12.5 శాతం కోబాల్ట్, 9 శాతం మాలిబ్డినం ఉంటాయి. 230లో 14 శాతం టంగ్‌స్టన్ ఉంటుంది.

అవక్షేప బల మిశ్రలోహాలు: అల్యూమినియం, టైటానియం లేదా నియోబియం నికెల్‌తో కలిసి సూక్ష్మ కణాలుగా ఏర్పడి లోహాన్ని గట్టిపరుస్తాయి. నిమోనిక్ 80ఏ, ఎక్స్-750, 718 ఈ వర్గం. హీట్ ట్రీట్‌మెంట్ పూర్తయిన 718 సాగుడు బలం 1034 మెగాపాస్కల్స్‌కు తగ్గదు. 304 స్టీలుకు నిర్దేశించిన కనీసం 205 మెగాపాస్కల్స్ మాత్రమే. 649 డిగ్రీల వద్ద కూడా 718 కనీసం 862 మెగాపాస్కల్స్ చూపాలని విమాన రంగ ప్రమాణం కోరుతుంది.

పోత మిశ్రలోహాలు: ఫర్నేసు గొట్టాలు, టర్బైన్ బ్లేడ్లు ఇలా పోసి తయారుచేస్తారు. అత్యాధునిక బ్లేడు మొత్తం ఒకే స్ఫటికం. స్ఫటిక రేణువుల మధ్య సరిహద్దులే లేకపోవడంతో అక్కడ చీలిక మొదలయ్యే అవకాశం ఉండదు.

వేడిలో లోహం తీరు

ఇనుము 1538 డిగ్రీల వద్ద కరుగుతుంది, నికెల్ 1455 వద్దే కరుగుతుంది. అయినా వేడిలో నికెల్‌దే పైచేయి. కారణం పరమాణువుల అమరికలో ఉంది. శుద్ధమైన ఇనుము 912 డిగ్రీల వద్ద తన అమరికను మార్చుకుంటుంది. నికెల్ గది ఉష్ణోగ్రత నుంచి కరిగేవరకు ఒకే దట్టమైన అమరికలో ఉంటుంది. అందులో పరమాణువులు నెమ్మదిగా కదులుతాయి. క్రోమియం, మాలిబ్డినం, టంగ్‌స్టన్‌లను భారీగా కలిపినా ఆ అమరిక చెదరదు.

ఆక్సీకరణం: రెండు కుటుంబాలకూ మొదటి కవచం క్రోమియం ఆక్సైడు పొర. అది పలుచగా, అంటిపెట్టుకుని ఉన్నంతకాలం లోపలి లోహానికి రక్ష. గాలిలో నిరంతరం వాడితే 304 సుమారు 925 డిగ్రీల వరకు, 309 సుమారు 1095 వరకు, 310 సుమారు 1150 వరకు నిలుస్తాయని తయారీదారుల పట్టికలు చెబుతాయి. తరచూ చల్లారి వేడెక్కే చోట 304 పరిమితి 870కి, 310 పరిమితి 1035కి దిగుతుంది. చల్లారినప్పుడు లోహం ముడుచుకున్నంతగా పొర ముడుచుకోదు. పెచ్చులు లేచి రాలిపోతుంది, మళ్లీ కొత్త పొరకు లోహం ఖర్చవుతుంది. తక్కువ వ్యాకోచించే 446లో ఇది తిరగబడుతుంది: నిరంతర వాడకంలో 1095, విడతల వాడకంలో 1175. సుమారు 1000 డిగ్రీలు దాటాక క్రోమియం ఆక్సైడు కొంత ఆవిరైపోతుంది. ఆ పైన అల్యూమినియం ఆక్సైడు పొర ఎక్కువ నమ్మకమైనది. అందుకే 601 వంటి రకాల్లో అల్యూమినియం చేర్చారు.

క్రీప్: వేడిగా ఉన్న లోహం తట్టుకోగల బరువు కిందనే ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా సాగుతూ పోతుంది. ఈ సాగుడే క్రీప్. అధిక ఉష్ణోగ్రత భాగాలను తరచుగా లక్ష గంటల, అంటే పదకొండేళ్లకు పైబడిన ఆయుష్షు లెక్కతో రూపొందిస్తారు. 310 స్టీలు 1100 డిగ్రీల గాలిలో కాలిపోకుండా నిలబడగలదు, కానీ ఆ వేడిలో చెప్పుకోదగ్గ బరువు మోయలేదు. ఆక్సీకరణ పరిమితిని బల పరిమితిగా పొరబడడం ఎంపికలో తరచూ జరిగే తప్పు.

గామా ప్రైమ్: నికెల్ మూడు పాళ్లు, అల్యూమినియం లేదా టైటానియం ఒక పాలు కలిసి ఏర్పడే సూక్ష్మ కణాల పేరు ఇది. చాలా లోహాలు వేడెక్కేకొద్దీ మెత్తబడతాయి. గామా ప్రైమ్ మాత్రం సుమారు 800 డిగ్రీల దాకా ఇంకా బలపడుతుంది. 718లో ఈ పని ప్రధానంగా నియోబియం కలిసిన మరో రకం కణాలు చేస్తాయి. అవి సుమారు 650 డిగ్రీలు దాటితే క్రమంగా రూపం మారిపోతాయి కాబట్టి 718 దీర్ఘకాలిక పరిమితి అక్కడే ఆగింది.

పెళుసుదనం: ఆస్టెనైటిక్ స్టీళ్లను 425 నుంచి 815 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే రేణువుల సరిహద్దుల్లో క్రోమియం కార్బైడు పేరుకుని, పక్కనున్న లోహం క్రోమియం కోల్పోతుంది. 321, 347 రకాల్లో టైటానియం, నియోబియం ముందే కార్బన్‌ను పట్టి ఉంచుతాయి. సుమారు 550 నుంచి 900 మధ్య సిగ్మా అనే పెళుసు దశ ఏర్పడవచ్చు. 310 రకంలో ఈ ముప్పు ఎక్కువ. ఫర్నేసు వేడిగా ఉన్నప్పుడు బాగానే కనిపించిన భాగం, మరమ్మతుకు చల్లార్చాక చిన్న దెబ్బకు పగిలిపోతుంది. నికెల్ పాలు పెరిగేకొద్దీ సిగ్మా ముప్పు తగ్గుతుంది.

వ్యాకోచం: పది మీటర్ల 304 గొట్టాన్ని 600 డిగ్రీల మేర వేడి చేస్తే సుమారు 11 సెంటీమీటర్లు పెరుగుతుంది. అదే పొడవున్న 600 మిశ్రలోహం గొట్టం సుమారు 9 సెంటీమీటర్లు పెరుగుతుంది. పైగా ఆస్టెనైటిక్ స్టీళ్లలో వేడి నెమ్మదిగా పాకుతుంది. మందమైన భాగంలో ఒకవైపు వేడెక్కి మరోవైపు చల్లగా ఉండిపోతే, లోపలి ఒత్తిళ్లు పదే పదే వచ్చి చీలికలు తెస్తాయి.

వాయువుల ప్రభావం

గంధకం: నికెల్‌కు ప్రధాన శత్రువు. నికెల్, నికెల్ సల్ఫైడు కలిసిన మిశ్రమం సుమారు 640 డిగ్రీలకే కరిగిపోతుంది. ఆక్సిజన్ కొరవడి గంధకం ఉన్న పొగల్లో నికెల్ ఎక్కువున్న మిశ్రలోహం కన్నా క్రోమియం ఎక్కువున్న స్టీలే నయం. వర్క్‌షాపుల్లోనూ ఈ జాగ్రత్త పాటిస్తారు. నికెల్ మిశ్రలోహాన్ని వేడి చేసే ముందు, వెల్డింగ్‌కు ముందు దాని మీది గ్రీజు, పెయింటు, కొలతల కోసం గీసిన క్రేయాన్ గీతలను కూడా పూర్తిగా తుడిచేస్తారు. వాటిలోని కాస్త గంధకం చాలు, వేడిలో లోహం పగలడానికి.

కార్బన్: హైడ్రోకార్బన్ వాయువుల నుంచి కార్బన్ లోహంలోకి దిగి దాన్ని పెళుసు చేస్తుంది. నికెల్‌లో కార్బన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి ఇక్కడ నికెల్‌కే మొగ్గు. ఇథిలీన్ క్రాకింగ్ గొట్టాలకు అందుకే 35 నుంచి 45 శాతం నికెల్ ఉన్న పోత మిశ్రలోహాలు వాడతారు. కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా ఉండే వాయువుల్లో, సుమారు 450 నుంచి 800 డిగ్రీల మధ్య లోహం పొడిగా రాలిపోయే మెటల్ డస్టింగ్ అనే నష్టం సంభవిస్తుంది. క్రోమియం, అల్యూమినియం పుష్కలంగా ఉన్న నికెల్ మిశ్రలోహాలు దీన్ని మెరుగ్గా ఎదుర్కొంటాయి.

నైట్రోజన్, క్లోరిన్: అమ్మోనియా వాయువులోనూ, పొడి క్లోరిన్‌లోనూ 600 మిశ్రలోహానికి మంచి పేరుంది. నికెల్ నైట్రైడులు స్థిరంగా ఉండకపోవడం మొదటిదానికి కారణం.

ఇంధన బూడిద: భారీ ఫర్నేస్ ఆయిల్‌లో ఉండే వెనేడియం, మండిన తర్వాత సుమారు 690 డిగ్రీలకే కరిగే ఆక్సైడుగా మారి రక్షణ పొరను తినేస్తుంది. ఇలాంటి చోట గొట్టాల ఆధారాలకు సగం క్రోమియం, సగం నికెల్ ఉన్న పోత మిశ్రలోహం వాడడం ఆనవాయితీ.

వినియోగం: రిఫార్మర్ ఫర్నేసు

రెండు కుటుంబాలూ పక్కపక్కనే పనిచేసే చోటు అమ్మోనియా కర్మాగారంలోని స్టీమ్ రిఫార్మర్. సహజ వాయువు, నీటి ఆవిరి కలిసి ఉత్ప్రేరకం నింపిన గొట్టాల్లోకి దిగుతాయి. బయట బర్నర్లు మండుతుంటాయి, లోపల హైడ్రోజన్ తయారవుతుంది. ఒక్కో గొట్టం పది మీటర్లకు పైగా పొడవుండి నిలువుగా వేలాడుతుంది. లోపలి పీడనం 30 నుంచి 40 బార్లు. గొట్టం గోడ వేడి 900 డిగ్రీల పరిసరాల్లో ఉంటుంది.

పైన వాయువు చల్లగా ప్రవేశించే చోట స్టెయిన్‌లెస్ స్టీలు అమరికలు సరిపోతాయి. మంటల మధ్య ఉండే గొట్టం పోత మిశ్రలోహం. 1960లలో దానికి హెచ్‌కే-40 వాడేవారు. అది 25 శాతం క్రోమియం, 20 శాతం నికెల్, 0.4 శాతం కార్బన్ ఉన్న పోత స్టెయిన్‌లెస్ స్టీలు. తర్వాత 35 శాతం నికెల్, నియోబియం ఉన్న హెచ్‌పీ రకాలు వచ్చాయి. బలం పెరగడంతో గోడ మందం తగ్గింది. లోపల ఎక్కువ ఉత్ప్రేరకం పట్టింది, వేడి తేలికగా లోపలికి చేరింది. కింద వాయువు బయటికొచ్చే సన్న గొట్టాలకు, సేకరణ గొట్టాలకు 800హెచ్ వంటి మిశ్రలోహాలు వాడతారు.

ఆపరేటర్ ఫర్నేసు పక్కనున్న చిన్న కిటికీ తెరిచి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న గొట్టాలన్నీ ఒకే రంగులో, సమంగా వెలుగుతుంటాయి. ఉత్ప్రేరకం దెబ్బతిన్న గొట్టం మీద ఎక్కువ వెలుగుతో పట్టీలు, మచ్చలు కనిపిస్తాయి. వాటిని ఈ రంగంలో పులి చారలని, జిరాఫీ మచ్చలని పిలుస్తారు. ఆ మచ్చ దగ్గర గొట్టం అనుకున్న దానికన్నా వేడిగా ఉందని అర్థం. రూపకల్పన ఉష్ణోగ్రత కన్నా 20 డిగ్రీలు పెరిగితే గొట్టం ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ పరిశ్రమలో అందరూ పాటించే స్థూల లెక్క. షట్‌డౌన్ సమయంలో గొట్టం వ్యాసం కొలిచి, క్రీప్ వల్ల ఎంత ఉబ్బిందో చూసి మార్చాలా వద్దా తేలుస్తారు.

వినియోగం: విద్యుత్ కేంద్రాలు

అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గరి ఎడ్డీస్టోన్ మొదటి యూనిట్ 1960లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 649 డిగ్రీలు, సుమారు 345 బార్ల ఆవిరి కోసం దాన్ని రూపొందించారు. వేడి భాగాలకు మందమైన ఆస్టెనైటిక్ స్టీలు వాడారు. ఎక్కువ వ్యాకోచం, తక్కువ ఉష్ణ వాహకత కలిసి ఆ మందమైన భాగాల్లో చీలికలు తెచ్చాయి. చివరికి ఆవిరిని సుమారు 610 డిగ్రీలకు తగ్గించి నడిపారు. ఆ అనుభవం తర్వాత మందమైన గొట్టాలకు 9 శాతం క్రోమియం స్టీళ్లు ముందుకొచ్చాయి. క్రోమియం 10.5 శాతం లేదు కాబట్టి అవి స్టెయిన్‌లెస్ లెక్కలోకి రావు, కానీ సుమారు 600 డిగ్రీల వరకు ఈ రెండు కుటుంబాలకూ గట్టి పోటీదారులు.

700 డిగ్రీలు దాటిన ఆవిరికి నికెల్ మిశ్రలోహాలు తప్పవు. మరింత వేడి వాయువుతో పనిచేసే అణు రియాక్టర్ల కోసం 617 మిశ్రలోహాన్ని 950 డిగ్రీల వరకు, లక్ష గంటల ఆయుష్షుతో వాడేందుకు అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం నియమావళి అనుమతిస్తోంది.

వినియోగం: ఇతర రంగాలు

ధ్వనికి ఆరు రెట్లకు పైగా వేగం అందుకున్న అమెరికా పరిశోధన విమానం ఎక్స్-15 బయటి తొడుగు ఇన్‌కొనెల్ ఎక్స్ రేకుతో తయారైంది. రాపిడి వేడికి అది 650 డిగ్రీల దాకా తట్టుకునేలా రూపొందించారు. జెట్ ఇంజిన్ దహన గదులకు హాస్టెలాయ్ ఎక్స్, టర్బైన్ డిస్కులకు 718 సాధారణం. హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్లో సామాను పెట్టే బుట్టలు, ట్రేలు 310 నుంచి 601 వరకు పని తీవ్రతను బట్టి మారుతుంటాయి.

ఇళ్లలోని విద్యుత్ హీటర్ రాడ్డును కోసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. మధ్యలో నిక్రోమ్ తీగ చుట్ట, దాని చుట్టూ దట్టించిన తెల్లని మెగ్నీషియా పొడి, పైన లోహపు తొడుగు. తీగ వేడిని పుట్టిస్తుంది, పొడి కరెంటును ఆపి వేడిని వదులుతుంది. తొడుగుగా పని తీవ్రతను బట్టి రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా 800 మిశ్రలోహం వాడతారు.

తయారీ, వెల్డింగ్

స్టెయిన్‌లెస్ స్టీలును విద్యుత్ ఆర్క్ ఫర్నేసులో కరిగించి, ఆర్గాన్ పద్ధతిలో శుద్ధి చేసి, వందల టన్నుల లెక్కన పోస్తారు. సూపర్ అల్లాయ్‌లకు అంత సులువు కుదరదు. అల్యూమినియం, టైటానియం గాలి తగిలితే ఆక్సైడుగా మారతాయి కాబట్టి వాటిని శూన్యంలో ఇండక్షన్ ఫర్నేసులో కరిగిస్తారు. వచ్చిన దిమ్మెను మళ్లీ శూన్యంలో ఆర్క్‌తోనో, విద్యుత్ స్లాగ్ కిందనో ఇంకోసారి కరిగించి మలినాలు తీస్తారు.

304, 316 రకాలను ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా వెల్డ్ చేయగలరు. నికెల్ మిశ్రలోహాల కరుగు మడుగు జిగటగా ఉండి సరిగా పారదు. జాయింటు వెడల్పుగా తీర్చాలి, వేడి తక్కువగా ఇవ్వాలి. గామా ప్రైమ్ ఎక్కువున్నవి వెల్డింగ్ తర్వాతి వేడిలో పగులుతాయి. 718లో గట్టిపడే ప్రక్రియ నెమ్మదిగా సాగడం వల్ల ఆ ముప్పు తక్కువ, దాని ఆదరణకు అదొక ముఖ్య కారణం. లేత్ మీద కోసేటప్పుడు నికెల్ మిశ్రలోహాలు పనిముట్టు కిందే గట్టిపడి, దాని అంచును త్వరగా అరగదీస్తాయి.

ధర, సరఫరా

ప్రపంచంలో ఏటా తయారయ్యే స్టెయిన్‌లెస్ స్టీలు 5 కోట్ల టన్నులకు పైమాటే. గనుల నుంచి వచ్చే నికెల్‌లో సుమారు మూడింట రెండు వంతులు దానికే పోతుంది. అందువల్ల నికెల్ ధర పెరిగితే రెండు కుటుంబాలూ ప్రియమవుతాయి. 2022 మార్చి 8న లండన్ మెటల్ ఎక్స్‌ఛేంజిలో టన్ను నికెల్ ధర కొద్దిసేపు లక్ష డాలర్లు దాటింది, వ్యాపారాన్ని నిలిపివేయాల్సి వచ్చింది. నికెల్ లేని ఫెర్రిటిక్ రకాలకు, నికెల్ తగ్గించిన 253 ఎంఏ వంటి రకాలకు ఇలాంటి ఒడిదుడుకులు తక్కువ.

కొనుగోలు ధరతో లెక్క ముగియదు. గొట్టం ఎన్నేళ్లు నిలుస్తుంది, మధ్యలో కర్మాగారం ఎన్నిసార్లు ఆగుతుంది, గోడ మందం తగ్గి ఎంత లోహం మిగులుతుంది అన్నవి కలిపి చూస్తారు. ఒక్క రోజు ఉత్పత్తి ఆగితే వచ్చే నష్టం, కొన్ని గొట్టాల ధర తేడాను మించిపోయే సందర్భాలు ఉంటాయి.

ఎంపిక

సుమారు 550 నుంచి 650 డిగ్రీల ఆవిరిలో, సన్నని గొట్టాలకు 304హెచ్, 316హెచ్, 347హెచ్ స్టీళ్లు సరిపోతాయి. అదే పరిధిలో తిరిగే భాగాలకు, అధిక బలం కావాల్సిన బోల్టులకు 718 వంటివి తీసుకుంటారు. గాలిలో 1000 డిగ్రీల పైదాకా వెళ్లినా బరువు తక్కువైతే 309, 310, 253 ఎంఏ చాలు. అదే వేడిలో బరువు కూడా మోయాలంటే 617, 230 వంటివి కావాలి. కార్బన్ దిగే వాతావరణంలో నికెల్ పెంచాలి, గంధకం ఉన్నచోట నికెల్ తగ్గించి క్రోమియం పెంచాలి. తరచూ వేడెక్కి చల్లారే చోట వ్యాకోచం తక్కువున్న రకానికి మొగ్గు చూపాలి.

భారతదేశంలో

స్టెయిన్‌లెస్ స్టీలుకు కావాల్సిన క్రోమైట్ ఖనిజం ఒడిశాలోని సుకిందా లోయలో పుష్కలంగా ఉంది. నికెల్‌ను మాత్రం దేశం దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటోంది. క్రోమైట్ నుంచి ఫెర్రోక్రోమ్ తీసే కర్మాగారం విజయనగరం జిల్లా కొత్తవలసలో ఏర్పాటైంది. వాడకం సంగతికొస్తే, రామగుండంలో సహజ వాయువు ఆధారంగా పునరుద్ధరించిన ఎరువుల కర్మాగారం రోజుకు 2200 టన్నుల అమ్మోనియా, 3850 టన్నుల యూరియా సామర్థ్యంతో నడుస్తోంది.

నికెల్ మిశ్రలోహాల విషయంలో దేశానికి కేంద్రస్థానం హైదరాబాద్. 1973లో ఏర్పాటైన మిశ్ర ధాతు నిగమ్, అంటే మిధాని, కంచన్‌బాగ్‌లో ‘సూపర్‌ని’ అన్న పేరుతో 600, 718, 80ఏ వంటి రకాలు తయారుచేస్తోంది. 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్స్ అణు విద్యుత్ కేంద్రాల ఆవిరి జనరేటర్లకు 800 మిశ్రలోహం గొట్టాలు చేసింది. రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఏకస్ఫటిక టర్బైన్ బ్లేడ్లు అభివృద్ధి చేసింది. వాటిలో తొలి 60 బ్లేడ్లను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటన వెలువడింది.

2016లో కేంద్ర మంత్రివర్గం రూ.1554 కోట్లతో అధునాతన అల్ట్రా సూపర్‌క్రిటికల్ బొగ్గు విద్యుత్ పరిశోధనకు ఆమోదం తెలిపింది. బీహెచ్ఈఎల్, ఎన్‌టీపీసీ, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం ఇందులో భాగస్వాములు. 800 మెగావాట్ల యూనిట్‌కు ఉద్దేశించిన ఈ రూపకల్పనలో ఆవిరి ఉష్ణోగ్రత 700 డిగ్రీలు దాటుతుంది. దానికోసం మిధాని, న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్స్ రెండు రకాల గొట్టాలను దేశంలోనే తయారుచేశాయి: రాగి చేర్చిన 304హెచ్‌సీయూ స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు, 617ఎం నికెల్ మిశ్రలోహం గొట్టాలు. బాయిలర్‌లో వేడి కొంత తక్కువుండే వరసలకు మొదటివి, అత్యంత వేడి వరసలకు రెండోవి.